కూర్చుని పిలిచిన పెళ్ళి

సౌందరానికి అలసిపోయేవాళ్ళంటే మొదటినుంచీ చులకన. మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చే ఆడవాళ్ళను చూస్తే ఆమెకు ఒళ్ళు మండేది. నాలుగు మెట్లెక్కి రొప్పే మగవాళ్ళను చూస్తే నవ్వొచ్చేది. "అలుపు కూడా ఒక జబ్బా? పని ఎగ్గొట్టేదానికి ఒక సాకు" అని ఎదుటివాళ్ళ మొహం మీదే అనేది. ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఆమె నోట్లో రోజుకు రెండుసార్లయినా పలికేది. అలాంటి మనిషికి యాభై రెండో ఏట ఒక విషజ్వరం వచ్చింది. వారంలో జ్వరం పోయింది, పోతూ పోతూ ఆమె బలాన్ని కూడా వెంట తీసుకుపోయింది.

రెండున్నరేళ్ళు ఆస్పత్రుల చుట్టూ తిరిగారు. రక్తం చూశారు, గుండె చూశారు, థైరాయిడ్ చూశారు. అన్నీ బాగానే ఉన్నాయన్నారు. అన్నీ బాగున్న మనిషి తల దువ్వుకోవడానికి చెయ్యెత్తలేకపోవడమేమిటో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. చివరికి కోయంబత్తూరు గాంధీపురంలో ఒక లేడీ డాక్టరు, సౌందరం కూతురు నిత్య ఈడుది, దానికో పొడుగాటి ఇంగ్లీషు పేరు చెప్పింది. మందు లేదంది. పని చేసిన రోజు బాగానే ఉంటుందనీ, దెబ్బ మర్నాడో మూడోనాడో పడుతుందనీ, కాబట్టి ఒళ్ళు ఆపకముందే మనమే ఆగాలనీ చెప్పింది. "పాత ఫోన్ బ్యాటరీ అనుకోండి" అని కూడా అంది. ఈ కాలం డాక్టర్లకు మనిషిని పోల్చడానికి ఫోన్ తప్ప ఇంకేమీ దొరకదు కాబోలు. సౌందరం ఆ చీటీ మడిచి సంచిలో పడేసింది.

చుట్టాలు డాక్టర్ల కంటే ఘనులు. ఒకావిడ మునగాకు రసం తాగమంది. ఇంకొకావిడ రోజూ పొద్దున అయిదు కిలోమీటర్లు నడవమంది. నడవగలిగితే ఈ గోల ఎందుకని ఆవిడకు తోచలేదు. "నాకూ అలుపే అమ్మా, ఏమి చేసేది" అంటూ ఉదయం నుంచి సాయంత్రం దాకా కడుపు నిండా కబుర్లు చెప్పి, చెంగుచెంగున బస్సెక్కి పోయేవాళ్ళకు లెక్కే లేదు. చెప్పేవాళ్ళకు వినేవాళ్ళు లోకువ. సౌందరం అందరినీ మనసులో కడిగి ఆరేసేది. అందరికంటే ఎక్కువగా తన ఒంటిని తిట్టుకునేది.

ఇంతలో కొడుకు ముకుంద్ పెళ్ళి కుదిరింది. పిల్ల మదురై వాళ్ళది, పేరు మాలిని. పెళ్ళి కోయంబత్తూరులోనే, తమిళుల ఆవణి నెలలో. మధ్యలో ఇరవై రెండు రోజులున్నాయి.

తరాలుగా ఇక్కడే ఉంటున్న ఈ తెలుగువాళ్ళలో పెళ్ళి పిలుపంటే పత్రిక పంపడం కాదు. పెళ్ళికొడుకు తల్లీ తండ్రీ కలిసి ఇంటింటికీ వెళ్ళాలి. గడప దాటి, ఆ ఇంటి దేవుడి పటం ముందు తాంబూలం తట్ట పెట్టి, ఇల్లాలికి కుంకుమ ఇచ్చి, నోటితో రమ్మని చెప్పి, వాళ్ళిచ్చింది తాగి రావాలి. ఇందులో ఏది తగ్గినా అది పిలుపు కాదు, పిలవని పేరంటమే. అలా తగ్గిందని ఏళ్ళ తరబడి మాటలు మానుకున్న కుటుంబాలున్నాయి. పిలవాల్సిన ఇళ్ళు అరవై తొమ్మిది.

"నేనూ నిత్యా పోతాము. నువ్వు ఇంట్లో ఉండు సౌందరం" అన్నాడు భర్త కృష్ణన్. పంపుసెట్ల విడిభాగాలు చేసే చిన్న వర్క్‌షాపు ఆయనది. లేత్ మిషన్ల హోరులో ముప్పై ఏళ్ళు గడిపినవాడు కాబట్టి ఇంట్లో గొంతు పెంచడు.

"మీరు పోతే పత్రిక ఇచ్చినట్లు ఉంటది, పిలిచినట్లు ఉండదు. నా కొడుకు కల్యాణానికి నేను పిలవకపోతే ఇంకెవురు పిలుస్తారు?" అంది సౌందరం.

మొదటి రోజే తొమ్మిది ఇళ్ళు చుట్టబెట్టింది. కొని ఆరేళ్ళయినా ప్లాస్టిక్ కవరు తీయని సోఫాల మీద కూర్చుంది. తొమ్మిది ఇళ్ళలో తొమ్మిది కాఫీలు తాగింది. "నీకేమో ఒళ్ళు సరి లేదని చెప్పినారే, బాగానే ఉండావే" అని ప్రతి ఇల్లాలూ అంది. ఆ మాటకు సౌందరం పొంగిపోయింది. సాయంత్రం ఇంటికొస్తుంటే ఆ తొమ్మిది ఇళ్ళనూ తీసుకెళ్ళి గాంధీపురం డాక్టరమ్మ మొహాన కొట్టాలనిపించింది.

మర్నాడు కూడా బాగానే లేచింది. మూడోనాడు లేవలేదు. దుప్పటి బరువుగా ఉంది. కిటికీ వెలుతురు కళ్ళలో గుచ్చుకుంది. పక్కింట్లో గ్రైండర్ తిరుగుతుంటే ఆ చప్పుడుకు ఏడుపొచ్చింది. నిత్య రసం అన్నం పిసికి స్పూనుతో పెట్టింది. మింగడం కూడా ఒక పనేనని సౌందరానికి అప్పుడు తెలిసింది. అయిదు రోజులు అలాగే పడి ఉంది. ఛీ, ఇదీ ఒక ఒళ్ళేనా అనుకుంది. ఇంట్లో పనిమనిషి ఇలా చేస్తే ఎప్పుడో మాన్పించేసి ఉండేది.

ఆరోనాడు మంచం మీద లేచి కూర్చోగలిగినప్పుడు నిత్య పక్కన చేరింది.

"అమ్మా, తొమ్మిది ఇండ్లకు అయిదు దినాలు పడుకుంటివి. ఇంకా అరవై ఇండ్లు ఉండాది."

"నీ కల్యాణానికి నూట ఇరవై ఇండ్లు పిలిస్తిని నేను."

"అప్పుడు నీకు ఈ ఒళ్ళు లేదమ్మా. పిలిచేది కావాలా, ముకుంద్ తాళి కట్టేది చూసేది కావాలా? రెండిటికీ నీ దగ్గర బలం లేదు. ఒకటి చెప్పు."

 సౌందరానికి కూతురి మీద పీకల దాకా కోపం వచ్చింది, ఎందుకంటే అది నిజం చెప్పింది. నిజం చెప్పేవాళ్ళకు కాస్త నీళ్ళు నమలడమైనా తెలియాలి. నిత్యకు అది కూడా తెలియదు.

అయినా ఒక్క ఇల్లు వదలకూడదనుకుంది. అది మేట్టుపాళయంలో వక్కల వ్యాపారం చేసే అంజలమ్మ ఇల్లు. అంజలమ్మ కృష్ణన్‌కు అక్క. ఆమె కదిలితే ఆ వైపు చుట్టాలంతా కదులుతారు, ఆమె మూతి ముడిస్తే అందరూ ముడుస్తారు. రెండు రోజులు కదలకుండా పడుకుని, మూడోనాడు కారు వెనక సీట్లో పడుకునే సౌందరం మేట్టుపాళయం చేరింది.

అంజలమ్మ ఇంటికి కింద వక్కల గోడౌను, పైన కాపురం. పద్దెనిమిది మెట్లు. ఆరో మెట్టు మీద సౌందరం మోకాళ్ళు వదిలేశాయి. పట్టుచీరతో అక్కడే కూర్చుండిపోయింది. కింద కృష్ణన్ తాంబూలం తట్ట పట్టుకుని నేల చూస్తున్నాడు. పైన అంజలమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"ఏమే సౌందరం, పిలిచేదానికి వచ్చినావా, మెట్లకు పసుపు పూసి మొక్కు తీర్చేదానికి వచ్చినావా?"

"ఎక్కలేను వదినా. నువ్వు దిగు."

"నేను దిగేదా? పిలిచేవాళ్ళు లోపలికి వచ్చేది మన ఆచారం, మన వళక్కం."

"వళక్కం నాకు నేర్పవద్దు. నేనే పదిమందికి నేర్పినాను." సౌందరం ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "ఒంట్లో లేదు వదినా. ఇక్కడికి వచ్చేదానికే అంతా అయిపోయింది. దిగితే దిగు. లేకపోతే కుంకుమ ఈ మెట్టు మీద పెట్టి పోతాను."

లేదు అనే మాట ఆమె తన ఒంటి గురించి పైకి అనడం అదే మొదలు. అన్నాక తేలికపడింది లేదు, ఏమీ లేదు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. తాను ఎవరిని చూసి నవ్విందో వాళ్ళంతా ఆ మెట్లకు అటూ ఇటూ నిలబడి చూస్తున్నట్టు అనిపించింది.

అంజలమ్మ జాలిపడి దిగలేదు. గోడౌనులో మూటలు ఎత్తేవాళ్ళు పని ఆపి చూస్తున్నారు కాబట్టి దిగింది. ఒక్కో మెట్టుకూ ఒక్కో సణుగుడుతో వచ్చి, నుదురు ముందుకు చాపింది. సౌందరం కూర్చున్నచోటనే కుంకుమ పెట్టింది.

మిగిలిన యాభై తొమ్మిది ఇళ్ళనూ ఆమె ఫోన్లోనే పిలిచింది. రోజుకు ఆరు, మంచం మీద పడుకుని, ఫోను చెవి కింద పెట్టుకుని. "నాకు వచ్చేదానికి ఒంట్లో బలం లేదు. ఈ మాటే పిలుపు అనుకోండి. రావాలని ఉంటే రండి, లేకపోతే దీవెన అక్కడినుంచే పెట్టండి." ఇంతే. వివరాలు చెప్పడం మానేసింది, చెబితే మునగాకు రసం మళ్ళీ మొదలవుతుంది. "మా ఇంటికి మాత్రం ఒకతూరి వచ్చి పో, పక్కనే కదా" అని ముప్పై మందైనా అన్నారు. సూలూరు వాళ్ళదీ పక్కనేనట, పొల్లాచ్చి వాళ్ళదీ పక్కనేనట. మీనాంబాళ్ అనే ఆవిడ, మెడలో పది సవరల బంగారు గొలుసు లేనిదే పాలవాడికి కూడా మొహం చూపించని మనిషి, మాట మధ్యలోనే ఫోను పెట్టేసింది.

వాళ్ళను తిట్టుకుంటూనే సౌందరం ఒక సంగతి ఒప్పుకోవలసి వచ్చింది. ఎనిమిదేళ్ళ కిందట అముద అనే పినతల్లి కూతురు తన గృహప్రవేశానికి ఇలాగే ఫోన్లో పిలిచింది. అముదకు అప్పుడు ఏడో నెల, డాక్టరు మంచం దిగవద్దన్నాడు. సౌందరం వెళ్ళలేదు. వెళ్ళకపోగా, ఆ పొగరు గురించి వచ్చినవాళ్ళకూ పోయినవాళ్ళకూ చెప్పింది. మీనాంబాళ్‌ను అసహ్యించుకోవడానికి తనకేం మొహముందని ఆమెకు ఆ సాయంత్రం బాధ కలిగింది. అసహ్యం మాత్రం తగ్గలేదు. మీనాంబాళ్ మీదా తన మీదా సమానంగా ఉంది.

పెళ్ళినాడు ఇరవై మూడు ఇళ్ళవాళ్ళు రాలేదు. మంటపంలో ఒక పక్క కుర్చీల వరుసలు ఖాళీగా కనిపిస్తున్నాయి. సౌందరం వేదిక మీద కుర్చీలో కూర్చుంది. వచ్చినవాళ్ళు ఆమె దగ్గరికే రావలసి వచ్చింది. అంజలమ్మ తన మందనంతా వెంటేసుకుని వచ్చి ముందు వరుసలో కూర్చుంది, పెళ్ళి చూడటానికి కాదు, సౌందరం ఎంతసేపు నిలబడుతుందో చూడటానికి. ముకుంద్ తాళి కట్టాడు. సౌందరం కళ్ళారా చూసింది. ఏడ్చింది కూడా, దానికి ఎంత బలం ఖర్చవుతుందో పట్టించుకోకుండా.

ఆ తరువాత నిత్యను పిలిచింది. "చాలు. నన్ను రూముకు పిలుచుకోని పో."

"ఫోటోలు ఉండాదమ్మా. ఒంట్లో ఏమన్నా చేస్తుందా?"

"ఏమీ చెయ్యలేదు. అందుకే పోతాను."

ఇంకో గంట కూర్చోగలదని ఆమెకు తెలుసు. ఆ గంట మీద ఎంత ఆశ ఉందో కూడా తెలుసు. ఫోటోలవాడు పెళ్ళికొడుకు అమ్మగారెక్కడని అరుస్తుండగా, ఆమె ఎవరి వైపూ చూడకుండా లోపలికి వెళ్ళి చాప మీద పడుకుంది.

రెండు గంటల తరువాత దంపతులు దీవెనకు వచ్చారు. వెనకే అంజలమ్మ. సౌందరానికి అప్పటికి కాళ్ళూ చేతులూ తనవి కానట్టున్నాయి. ఇద్దరు పట్టి లేపితే రెండు నిమిషాలు కూర్చోవచ్చు. ఆ రెండు నిమిషాలు కూర్చుంటే రేపు కోడలు ఇంట్లో అడుగుపెట్టేటప్పుడు చూడటానికి బలం మిగలదు. నిత్య వీపు కింద చెయ్యి పెట్టబోయింది. సౌందరం వద్దంది.

"పడుకున్నవాళ్ళకు దండం పెట్టకూడదు" అంది అంజలమ్మ గుమ్మంలోంచి. "శవానికే అట్ల పెట్టేది. లేచి కూర్చో సౌందరం, మంగళకార్యం ఇది."

"పెట్టవద్దు. ఎవురు పెట్టమన్నారు? పిల్లలు రెండు దినాలుగా నిలబడుండారు, ఇక్కడ కూర్చోమను."

ముకుంద్ తటపటాయించాడు. మాలిని తటపటాయించలేదు. బరువు చీర సర్దుకుని చాప అంచున కూర్చుంది. నిత్య తల్లి గుప్పిట్లో అక్షింతలు పోసింది. సౌందరం చెయ్యి జానెడు లేచి, అక్కడితో ఆగిపోయింది. అది చూసి మాలిని ఇంకా వంగింది. బియ్యపు గింజలు కొన్ని ఆమె జడలో, కొన్ని చాప మీద పడ్డాయి. అంజలమ్మ మొహం తిప్పుకుంది. సౌందరం కోడలి తల మీద చెయ్యి దించి అక్కడే ఉంచింది, తీయాలన్నా మళ్ళీ బలం కావాలి కాబట్టి.