ఎనభై ఐదో మొల

ఆగయ్య కాక ఎన్నడూ ఫుట్‌బాల్ ఆడలేదు. నల్లవాగు బొగ్గు బాయిలో పనికి చేరిన రెండో ఏడే బొగ్గు టబ్బు ఎడమ పాదం మీదికెక్కి రెండు వేళ్ళు పోయాయి. అయినా గోదావరిఖనిలో ఆ బాయి జట్టు ఆడిన ఆటల్లో ఆయన చూడనివి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆటకు వెళ్ళేటప్పుడు చంకలో ఒక చెక్క పలక ఉండేది. ఆ పలక సంగతి చెప్పకుండా ఆయన సంగతి చెప్పలేను.

బాయి దిగే ప్రతి మనిషికీ ఒక ఇత్తడి బిళ్ళ ఉంటుంది. దాని మీద అతని నంబరు ఉంటుంది. దిగేముందు ల్యాంపు రూములో బిళ్ళ ఇచ్చి టోపీ లైటు తీసుకుంటాడు. ఎక్కి వచ్చాక లైటు ఇచ్చేసి బిళ్ళ జేబులో వేసుకుంటాడు. షిఫ్టు అయిపోయినా గోడకు ఒక బిళ్ళ వేలాడుతున్నదంటే ఒక మనిషి ఇంకా భూమి లోపలే ఉన్నాడన్న మాట. మా నాయన లింగమూర్తి ఆ ల్యాంపు రూములో క్లర్కు. ఆయన ఆలస్యంగా ఇంటికొచ్చిన రోజు మా అమ్మ "ఎందుకు?" అని అడిగేది కాదు. "ఎవలది?" అని అడిగేది.

ఎనభైల్లో ఒకసారి ఆట అయిపోయి అందరూ ఇళ్ళకు పోయాక, జట్టు వెంట తిరిగే ఒకాయన గ్రౌండు వెనక కందకంలో కాలు విరిగి తెల్లారేదాకా పడి ఉన్నాడట. ముందు పోయిండని ఒకరు, వెనక వస్తున్నడని ఒకరు అనుకున్నారు. "బాయిల మనిషిని మరువం, బయట మరిస్తిమి" అని ఆగయ్య కాక ల్యాంపు రూము నుంచి పాత పలక ఒకటి అడిగి తెచ్చి, వరుసగా మొలలు కొట్టి, వాటి కింద సున్నంతో నంబర్లు రాశాడు. ఆ రోజు నుంచి నల్లవాగు జట్టు మనుషులు గ్రౌండుకు రాగానే తమ బిళ్ళ తమ మొలకు తగిలించేవారు, పోయేటప్పుడు తీసుకునేవారు. చివరి బిళ్ళ పోయేదాకా ఆగయ్య కాక అక్కడే కూర్చునేవాడు. పలక ఖాళీ కాగానే "అందరెక్కిన్రు" అని ఒక కేక వేసి లేచేవాడు. నా చిన్నప్పటికి ఆ పలకకు ఎనభై నాలుగు మొలలుండేవి.

బిళ్ళ ఉన్నవాళ్ళు గీత పక్కన పరిచిన పాత కర్ర దిమ్మెల మీద కూర్చునేవారు. ఆ దిమ్మెలు ఒకప్పుడు బాయిలో కప్పుకు ఆనించినవే. రెండు వేల సంవత్సరం దాటాక ఇంకో గుంపు తయారైంది. వాళ్ళు కాంట్రాక్టు కూలీలు, నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టులో లారీలు తోలేవాళ్ళు. వాళ్ళకు బిళ్ళలు లేవు. గోలు వెనక తీగె కంచెకు ఆనుకుని నిలబడేవారు. దిమ్మెల మీదివాళ్ళు వాళ్ళను "తీగె కాడోళ్ళు" అనేవారు. తీగె అవతల నేల కుంగి ఉండేది. కింద బొగ్గు తీసేశాక పైన నేల దిగబడి పెద్ద గుంతలయ్యాయి. వానాకాలం వాటిలో నీళ్ళు నిలిచేవి. బంతి తెచ్చుకోవడానికని తీగెను ఒకచోట ఎవరో ఎప్పుడో పైకెత్తి వంచారు. అందరూ దాంట్లోంచే దూరిపోయేవారు.

బిక్షం తీగె కాడి మనిషి. కాసిపేట నుంచి బతకడానికి వచ్చి, గోదావరి అవతల నస్పూర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని భార్య మల్లక్కతో ఉండేవాడు. నల్లవాగు బాయిలో కాంట్రాక్టరు కింద బొగ్గు మోసే బెల్టు దగ్గర రాలిన మట్టి ఎత్తే పని. నలభైకి దగ్గర పడ్డవాడు. ఆట ఉన్న రోజు షిఫ్టు దిగి ఒళ్ళు కూడా కడుక్కోకుండా వచ్చేవాడు. ఏ ఆటలో ఎవరు ఎన్ని గోలులు కొట్టారో అడిగితే తడుముకోకుండా చెప్పేవాడు. బంతి తీగె దాటితే మొదట ఉరికేది అతనే.

2005లో ఒక సాయంత్రం బిక్షం దిమ్మెల దగ్గరికి వచ్చి ఆగయ్య కాక ముందు నిలబడ్డాడు.

"కాకా, నాకో మొల ఇయ్యి."

"ఏం తలిగేస్తవ్?"

బిక్షం జేబులోంచి గుండ్రటి రేకు ముక్క తీశాడు. నూనె డబ్బా మూతను కత్తిరించి, అంచులు రాయితో అరగదీసి, సూది మొలతో చుక్కలు చుక్కలుగా 85 అని కొట్టాడు.

"ఎనభై నాలుగు మొలలున్నయ్ గద. ఎనభై ఐదోది నాది."

దిమ్మె చివర కూర్చున్న పోశం నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆయన బాయిలో మిషన్ డ్రైవరు, ఎవరినీ వదిలేవాడు కాదు. "అరే, పల్లినూనె బిళ్ళనారా ఇది? వాసన సూడుండ్లి, పకోడీలేసుకోవచ్చు."

అందరూ నవ్వారు. బిక్షం కూడా నవ్వాడు కానీ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"ఇది ఇస్తే ల్యాంపు రూముల నీకు లైటిస్తరా?" అని ఆగయ్య కాక అడిగాడు.

"ఇయ్యరు. మేస్త్రి పేరు మీదనే ఎనిమిది లైట్లిస్తరు. మా పేర్లుండయ్."

"మరి నా కాడ ఎట్లుంటది?"

"నేనూ గదే బాయి దిగుతున్న కాకా. గదే నీళ్ళల్ల నిలవడ్తున్న."

"నువ్వు కాంట్రాక్టరు మనిషివి బిక్షం. రేపు ఇంకో బాయికి తోలితే ఆడికి వోతవ్. గప్పుడు ఆ టీముకు సప్పట్లు గొడ్తవ్. ముందు నిలవడు, సూద్దాం."

బిక్షం రేకు బిళ్ళను చొక్కా జేబులో వేసుకుని తీగె దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి అతని పేరు అందరికీ "రేకు" అయింది.

మరుసటేడు కాంట్రాక్టరు అతన్ని నిజంగానే శ్రీరాంపూర్ వైపు బాయికి మార్చాడు. ఆ పని ఇంటికి దగ్గరే. అక్కడా జట్టు ఉంది, పిలిచేవాళ్ళూ ఉన్నారు. బిక్షం మాత్రం ఆట ఉన్నప్పుడల్లా సైకిల్ మీద గోదావరి బ్రిడ్జి దాటి నల్లవాగు జట్టు దగ్గరికే వచ్చేవాడు. శ్రీరాంపూర్ జట్టుతో ఆట పడ్డ రోజున కూడా నల్లవాగుకే అరిచాడు. ఆ మాట మేస్త్రి దాకా పోయి, వారం పాటు అతనికి పని ఇవ్వలేదట.

2008లో ఆగయ్య కాక రిటైరయ్యాడు. దండలు వేశారు, గోడ గడియారం ఇచ్చారు. రిటైరయ్యే మనిషి బిళ్ళను ల్యాంపు రూములో అప్పజెప్పాలి. ఆయన మా నాయన ముందుకు ఖాళీ చేతులతో వచ్చాడు.

"బిళ్ళ వోయింది లింగమూర్తీ."

"ముప్పై నాలుగేండ్లు పోని బిళ్ళ ఇయ్యాల్నే వోయిందా అన్న?"

"ఔ."

మా నాయన బిళ్ళ పోయినట్టు పుస్తకంలో రాసుకున్నాడు. ఆ తర్వాతి ఆటకు పలక మీద ఆగయ్య కాక బిళ్ళ తన మొలకే వేలాడింది. అందరూ చూశారు, ఎవరూ అడగలేదు.

ఆయన భార్య ఐలవ్వ మా అమ్మతో అనేది. "కూలికి వోయినోడు రిటైరైతే పండుకుంటడు. ఈయన పలక తుడుసుకుంట కూసుంటడు. ఆ పలక గుంజుకుంటే పానం వోయేటట్టున్నది."

2009 వానాకాలంలో, బాయిల పోటీల్లో సెమీఫైనల్‌కు ముందు, పోశమే బిక్షం ముచ్చట ఎత్తాడు.

"కాకా, రేకుగానికి ఒక మొల గొట్టరాదే. నస్పూర్ నుంచి తొక్కుకుంటొస్తుండు. మన దాంట్ల సగం మందికి అంత పట్టింపు లేదు."

"బిళ్ళ ఉన్నోల్లకే మొల."

"బిళ్ళ ఉంటే సాలదు గద, నౌకరి గూడ ఉండాలె గద?" అని పోశం నవ్వాడు. అది ఎగతాళే. కానీ ఆగయ్య కాక పలకను తన వైపు తిప్పుకున్నాడు. రేకు బిళ్ళకు చోటిస్తే ఎవరి బిళ్ళ అసలుది, ఎవరిది కాదు అన్న లెక్క బయటికొస్తుంది. ఆ లెక్కలో మొదట లేవాల్సింది తానే.

"నా పలక, నా ఇష్టం" అన్నాడు. బిక్షం తీగె దగ్గర నుంచి అటే చూస్తున్నాడు.

ఆ రోజు ఆట సగం దాటేసరికి మబ్బు కమ్మింది. రెండు జట్లూ చెరో గోలు మీద ఉండగా ఎవరో తన్నిన బంతి గోలు మీంచి, తీగె మీంచి అవతల పడింది. బిక్షం తీగె కింద దూరడం చాలామంది చూశారు. బంతి రావడం ఆలస్యమైందని రిఫరీ ఇంకో బంతి తెప్పించాడు. ఐదు నిమిషాలకు నల్లవాగు జట్టు రెండో గోలు కొట్టింది. దిమ్మెల మీది మనుషులు గ్రౌండులోకి ఉరికారు. విజిలు పడడం, వాన దంచడం ఒకేసారి జరిగాయి. ఎవరి బిళ్ళలు వాళ్ళు గుంజుకుని, తువ్వాలలు నెత్తిన కప్పుకుని పరుగెత్తారు.

పలక ఖాళీ అయింది.

"రేకుగాడేడి?" అన్నాడు పోశం వానలోనే ఆగి. "బాలుకు వోయినోడు మల్ల కనవడలే."

"వాని లెక్క నా కాడ లేదు" అన్నాడు ఆగయ్య కాక. తర్వాత అలవాటు ప్రకారం, "అందరెక్కిన్రు" అన్నాడు.

మరునాడు పొద్దున మల్లక్క గ్రౌండుకు వచ్చింది. ఆలస్యమైతే గోదావరిఖనిలోనే తెలిసినవాళ్ళ దగ్గర పడుకుంటాడని రాత్రంతా అనుకుందట. తీగెకు ఆనించిన సైకిల్ అట్లాగే ఉంది. కుంగిన గుంతలో బంతి తేలుతున్నది. బిక్షాన్ని నీళ్ళలోంచి తీయడానికి ఆరుగురు కావలసి వచ్చింది. గుంత ఒడ్డు జిగురు మట్టి, కాలు నిలవదు. నీటి అంచు నుంచి పైకి వేళ్ళ జాడలు ఒకచోట కాదు, నాలుగైదు చోట్ల ఉన్నాయి. వెంటనే ప్రాణం పోలేదని, చాలాసేపు ఎక్కడానికి చూశాడని వాటిని చూసినవాళ్ళందరికీ తెలిసింది. అరిచే ఉంటాడు. వానలో, గెలిచిన కేకల్లో ఎవరికీ వినపడలేదు.

డ్యూటీలో లేడు కాబట్టి తనకు సంబంధం లేదని కాంట్రాక్టరు అన్నాడు. మన బాయి మనిషే కాదు కదా అని బాయి దగ్గర అన్నారు. జట్టు ఫైనల్ ఆడింది, ఓడిపోయింది.

పదిహేను రోజుల తర్వాత ఆగయ్య కాక పలక పట్టుకుని బస్సెక్కి నస్పూర్ పోయాడు. ఒక్కడే పోవడానికి కాళ్ళు రాక మా నాయనను వెంట తీసుకెళ్ళాడు. పలక మీద ఎనభై నాలుగో మొల పక్కన కొత్త మొల ఉంది, కింద సున్నంతో నంబరు ఉంది.

మల్లక్క గడపలో కూర్చుని ఉంది. లేవలేదు.

"బిడ్డా, ఆయన బిళ్ళ ఇయ్యి. మొల గొట్టిన" అన్నాడు ఆగయ్య కాక.

"అంగి జేబులనే దొరికింది" అంది మల్లక్క. "నాలుగేండ్లు అదే జేబుల వెట్టుకొని తిరిగిండు కాకా. అంగి ఉతికినప్పుడల్ల తీసి దాసిపెట్టుమంటుండె. ఎందుకయ్యా ఈ రేకు అంటే, కాక ఇయ్యాల గాకుంటే రేపిస్తడు మొల అంటుండె."

ఆయన తల వంచుకున్నాడు.

"ఇప్పుడు నేనిస్త. మీరు తలిగేస్తరు. దండం వెడ్తరు. నీ పానం నిమ్మలమైతది. ఇయ్యను కాకా. పో."

మా నాయన ఏదో చెప్పబోతే ఆగయ్య కాక చెయ్యి పట్టి ఆపాడు. తిరుగు బస్సులో గోదావరి బ్రిడ్జి దాటాక, ఆయన ఒక్క మాట అన్నాడట.

"ఆ సైకిలు నేను సూసిన లింగమూర్తీ. ఆ వానల పలక నెత్తిన వెట్టుకొని పోతుంటే తీగెకు ఉండె. ఎవలదో అనుకున్న. ఎవలదో కాదు, వానిదే అని ఎరుకే. సైకిలుకు మొల లేదు గద అని నడిసిన."

మరునాడు ఆయన ల్యాంపు రూముకు వచ్చి తన ఇత్తడి బిళ్ళ బల్ల మీద పెట్టాడు.

"దొరికిందా అన్న?"

"దొరికింది."

మా నాయన పుస్తకంలో ఏడాది కింద రాసిన మాటను కొట్టేసి, బిళ్ళ లోపల పెట్టాడు. పలక పోశానికి పోయింది. పోశం రెండేళ్ళు తెచ్చాడు. కొత్త మొల అట్లాగే ఉండేది. బొగ్గు అయిపోయి 2012లో నల్లవాగు బాయి మూసేశాక మనుషులను తలా ఒక బాయికి పంపారు. జట్టును ఓపెన్‌కాస్టు జట్టులో కలిపారు. పలక ఎవరింట్లో ఉందో నాకు తెలియదు. గుంతను మాత్రం ఎవరూ పూడ్చలేదు, తీగెను కిందికి లాగి కట్టారు.

ఆగయ్య కాక ఆటలకు రావడం మానలేదు. కానీ దిమ్మెల మీద కూర్చోలేదు. తీగె దగ్గర, లారీ డ్రైవర్ల మధ్య, ఊపిరి ఎగబీలుస్తూ నిలబడేవాడు. బంతి కన్నా మనుషులనే ఎక్కువ చూసేవాడు. ఆట మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి మొహాలు చూస్తూ పెదవులు కదిపేవాడు.

2014 జూన్‌లో, రాష్ట్రం వచ్చిందని పెట్టిన ఆటలో మా నాయనతో పాటు నేనూ వెళ్ళాను. దిమ్మెల మీద గులాల్, తీగె దగ్గర గులాల్. ఆట అయిపోయింది, పొద్దు వాలుతున్నది. ఆగయ్య కాక తీగె పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏందే ముసలోడా, మమ్ముల లెక్కవెడ్తున్నవా? బర్లమా?" అన్నాడు ఒక డ్రైవరు నవ్వుతూ.

"ఇరవై ముగ్గురుండాలె. ఎర్రంగి పిలగాడు లేడు. డంపర్ తోలుతడు సూడు, గాయిన."

"ఎటో వోయుంటడు తియ్. పోదాం పా."

"ఎటు వోయిండు?"

"నాకేమెరుక కాకా."

ఆయన తీగె అవతలికి చూస్తూ వంగాడు. కిందికి కట్టిన తీగెను రెండు చేతులతో పట్టి పైకి లాగబోయాడు. అరవై ఆరేళ్ళ మనిషి, దగ్గు ఆగడం లేదు. అరచేతికి తీగె దిగి రక్తం వచ్చింది. నవ్విన డ్రైవరు నవ్వు ఆపేశాడు. ఆయన ఎవరో, ఎందుకు అట్లా చేస్తున్నాడో అతనికి తెలియదు. ఏమనుకున్నాడో, జేబులోంచి ఫోన్ తీసి ఎవరికో చేసి, ఆగయ్య కాక చెవికి ఆనించాడు.

"హలో, ఎవలు? నేను బస్సుల ఉన్న, బ్రిడ్జి మీదున్న. ఏమైంది?"

ఆగయ్య కాక ఆ గొంతు ఇంకో రెండుసార్లు "హలో" అనేదాకా విని, అప్పుడు తీగె వదిలాడు.