చీకట్లో ఎన్ని చప్పుళ్లు

నాకు చెవులు సరిగ్గా వినపడవన్న సంగతి ఆరేళ్లు దాచాను. పాల్వంచ కరెంటు ప్లాంటులో ముప్పై ఏళ్లు టర్బైన్ల పక్కన నిలబడ్డవాడికి ఆ మాత్రం వినికిడి మిగలడమే గొప్ప. కానీ ఒప్పుకుంటే చెవికి మిషన్ పెట్టిస్తారు. అది పెట్టుకుంటే ముసలివాణ్ణని మెడలో బోర్డు కట్టుకున్నట్టే! అందుకని ఎవరేమన్నా తల ఊపి నెట్టుకొచ్చాను. ఇంట్లో ఇబ్బంది లేదు, మా ఆవిడది మైకు గొంతు. "ఎందుకే అట్ల అరుస్తవ్, నేనేమన్న చెవిటోణ్ణా?" అని రోజుకోసారైనా కసురుకునేవాణ్ణి.

పోయిన వానాకాలం చివర్లో ములకలపల్లి దగ్గర అడవిలో రాత్రి నడక ఉందని విని, ఆమే ఇద్దరి పేర్లూ రాయించింది. వచ్చినవాళ్లందర్నీ నడిపించింది అక్కడి ఊరి ఆడమనిషి. కాళ్లకు గమ్ బూట్లు, ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో టార్చి. "మాటలు బంద్. సెల్లులు జేబుల్ల పెట్టుండ్రి," అంది.

మొదట బాగానే గడిచింది. టార్చి నుదుటికి ఆనించి గడ్డి మీదికి కొడితే సాలీళ్ల కళ్లు మెరిశాయి, ఎన్నని! చూసే పనికి నాకు ఢోకా లేదు కదా, అందరికంటే ముందు నిలబడి వేలు పెట్టి చూపిస్తూ తెగ హుషారు చేశాను.

తర్వాత అందర్నీ ఒక బండ మీద కూర్చోబెట్టింది. "లైటు బంద్ జేస్తున్న. గప్‌చుప్ కూసోని ఇనుండ్రి. ఒక్కో చప్పుడుకు ఒక్కో ఏలు ముడువుండ్రి. లైటు ఏసినంక చూపియ్యాలె."

దొరికిపోయాననుకున్నాను. ఆ చీకట్లో నాకు వినిపించినవి రెండే. వాగు పారడం, పక్కాయన దగ్గు. లైటు వెలిగేసరికి మా ఆవిడ తొమ్మిది వేళ్లు ముడిచి కూర్చుంది. నేనేం తక్కువ తిన్నానా? ఎనిమిది ముడిచాను.

"అబ్బో, సారు మంచిగ ఇన్నడు! ఏమేం ఇన్నవో చెప్పు సారూ," అంది ఆమె.

"వాగు," అన్నాను. "దగ్గు." ఇక తెగించి, "నక్క," అన్నాను.

"నక్కనా? నాకే ఇనపడలె!"

అందరూ గొల్లుమన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. "ఇదేమన్న పరీక్షనా?" అని లేవబోతే మా ఆవిడ చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టింది.

"ఆయనకు సన్న చప్పుళ్లు ఇనపడయమ్మా. ఆరేండ్ల సంది," అంది, అడవంతా వినేలా. నా వైపు తిరిగింది. "ఏందయ్యా అట్ల చూస్తవ్? ఇన్నేండ్లు నేను ఎవరికోసం అరుస్తున్న అనుకున్నవ్?"

సిగ్గుతో చచ్చిపోయాను. అంతలోనే, ఎందుకో మరి, నవ్వొచ్చింది.

మళ్లీ లైటు ఆర్పారు. మా ఆవిడ నా రెండు చేతులూ తన ఒళ్లో పెట్టుకుంది. కీచురాయి అరిచినట్టు నా అరచేతిలో గబగబా వేలితో కొట్టింది, నా వేలొకటి ముడిచింది. కప్పకి ఆగి ఆగి కొట్టింది, ఇంకో వేలు. అట్లా తొమ్మిది వేళ్లూ తనే ముడిచింది.

ఆ పై వారమే ఖమ్మం వెళ్లి మిషన్ పెట్టించుకున్నాను. ఇంటికొచ్చి తలుపు తీయగానే వంటింట్లోంచి "వచ్చినవా?" అని కేక వేసింది.

"మెల్లగ అనవే, ఇనపడుతది."

ఆమె నమ్మలేదు. గుమ్మం దాకా వచ్చి, నా చెవి వైపు అనుమానంగా చూసి, మెల్లగా అడిగింది. "వచ్చినవా?"

ఆరేళ్లుగా నేను వినని గొంతు అది. ఇంకోసారి అనమన్నాను.