నీళ్ల మీదికి నెట్టిన జబ్బు

ఆ రోజు కంపెనీలో ప్యాకింగ్ లైన్ దగ్గర నిలబడి ఉన్నాను. పొద్దున్నుంచీ కుడి డొక్కలో బరువుగా ఉంది. మధ్యాహ్నం బాత్రూంకి వెళ్తే మూత్రం ఎర్రగా వచ్చింది. నెలసరి రోజులు కావు. పక్కన పనిచేసే ఆమెకు చెప్తే "వేడి చేసుంటది, సబ్జ నీళ్లు తాగు" అంది. అప్పటికే నా పొట్ట ఎత్తుగా కనిపిస్తోందని లైన్‌లో అందరూ "ఏందే రాధా, మల్ల కడుపుతోనున్నవా?" అని ఆటపట్టిస్తున్నారు. నేనూ నవ్వేదాన్ని. లోపల పెరుగుతున్నవి నా కిడ్నీలేనని అప్పటికి నాకేం తెలుసు?

షాద్‌నగర్‌లో మా కిరాయి ఇంటి దగ్గరున్న క్లినిక్ డాక్టర్ నా బీపీ చూసి, మిషన్ తప్పేమోనని రెండో చేతికి కట్టి మళ్లీ చూశాడు. ఆ తర్వాత అల్ట్రాసౌండ్ రాసి హైదరాబాద్ పంపాడు. స్కాన్ తీసే మేడం స్క్రీన్ వైపు చాలాసేపు చూసి, "మీ ఇంట్లో ఎవరికైనా కిడ్నీ ప్రాబ్లం ఉందా?" అని అడిగింది. నాకు తెలిసిందే చెప్పాను. ఎవరికీ లేదన్నాను.

నెఫ్రాలజిస్ట్ దగ్గరికి వెళ్లేనాటికి ఊరినుంచి అమ్మా బాపూ వచ్చారు. "రెండు కిడ్నీల నిండా సిస్టులున్నాయి, అంటే నీటి తిత్తులు. పాలీసిస్టిక్ కిడ్నీ డిసీజ్. క్రియాటినిన్ బాగా పెరిగిపోయింది, కిడ్నీలు దాదాపు పనిచేయట్లేదు" అన్నాడు డాక్టర్. "ఇది ఎక్కువగా తల్లి నుంచో తండ్రి నుంచో వస్తుంది. మీలో ఎవరికైనా ఉందా? ఇంట్లో ఎవరైనా కిడ్నీలు ఫెయిలై పోయారా?"

బాపు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "మా ఇంట్ల ఎవ్వరికి లేదు సార్. మా దిక్కు నీళ్లే అసొంటియి. ఫ్లోరైడ్ నీళ్లు."

మాది నల్లగొండ జిల్లాలో మర్రిగూడ దిక్కు ఊరు. పళ్లు గారబట్టినా, నడుములు వంగినా, మోకాళ్లు బిగుసుకుపోయినా నీళ్లవల్లే. ఆ మాటలో నిజం లేకపోలేదు. నా చిన్నప్పుడు బాపు రోజూ సైకిల్‌కు రెండు బిందెలు కట్టుకుని పక్క ఊరినుంచి మంచినీళ్లు తెచ్చేవాడు. పిల్లలకోసం ఎంత కష్టపడుతున్నాడో అని ఊరంతా మెచ్చుకునేది. నేనూ గొప్పగా చెప్పుకునేదాన్ని. తెలంగాణ రాష్ట్రం వచ్చాక ఇంటి ముందుకే మంచినీళ్ల నల్లా వచ్చింది. అయినా మా బాపు నోట్లో మాత్రం తప్పు నీళ్లదే.

"ఫ్లోరైడ్ ఎముకల్ని పాడుచేస్తుంది. ఈ సిస్టులు నీళ్లవల్ల రావు" అన్నాడు డాక్టర్. "సరే, కొందరికి ఇంట్లో ఎవరికీ లేకుండా కొత్తగా కూడా మొదలవుతుంది." బాపు ఆ చివరి మాటను పట్టుకున్నాడు. ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ అదే చెప్పాడు.

డయాలసిస్ మొదలైంది. మెడలో క్యాథెటర్ వేశారు. తలస్నానం లేదు, అటు తిరిగి పడుకోవడానికి లేదు. రోజుకు ఇన్ని నీళ్లే అని గ్లాసుతో కొలిచి తాగాలి. ఎండాకాలంలో నోట్లో ఐసుముక్క పెట్టుకుని కూర్చునేదాన్ని. ఒకసారి మిషన్ మీద ఉండగానే మంచం ఊగేంత చలిజ్వరం వచ్చింది. క్యాథెటర్ ఇన్ఫెక్షన్ అన్నారు. దాన్ని తీసేసి, ఐసీయూలో పెట్టి యాంటీబయాటిక్స్ ఎక్కించారు. బయటికొచ్చాక డాక్టర్ మొహమాటం లేకుండా చెప్పాడు: "ట్రాన్స్‌ప్లాంట్ గురించి ఆలోచించండి. డోనర్ ఎవరైనా ఉన్నారా?"

మా ఆయన బ్లడ్ గ్రూప్ కలవదు. "నేనిస్త సార్" అన్నాడు తమ్ముడు నరేష్. మారు ఆలోచన లేదు వాడికి. అప్పుడైనా నోరు విప్పాల్సిన మనిషి పక్కనే కూర్చుని చేతిరుమాలు మడతపెట్టుకుంటున్నాడు.

నరేష్ స్కాన్ రిపోర్ట్ వచ్చిన రోజు డాక్టర్ మా అందర్నీ లోపలికి పిలిచాడు. "తమ్ముడికీ సిస్టులున్నాయి. ఇతను ఇవ్వకూడదు. ఇక ఇది కొత్తగా మొదలైంది కాదు. అమ్మా నాన్నా ఇద్దరూ స్కాన్ తీయించుకోండి."

అమ్మ వెంటనే లేచింది. బాపు లేవలేదు.

"నాకు అక్కెర లేదు సార్" అన్నాడు నేల చూస్తూ. "నాకున్నదని భివండిలనే చెప్పిన్రు."

నేను బాగా చిన్నగా ఉన్నప్పుడు బాపు, ఆయన అన్న మా పెద్దబాపు మహారాష్ట్రలోని భివండిలో పవర్‌లూమ్ సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసేవాళ్లు; అమ్మా నేనూ ఊళ్లోనే ఉండేవాళ్లం. మా పెద్దబాపు అక్కడే కరెంట్ షాక్‌తో పోయాడని, ఆ దుఃఖంతోనే బాపు ఊరికి తిరిగొచ్చాడని నాకు చెప్పారు. అది అబద్ధం. ఆయన కిడ్నీలు ఫెయిలై, డయాలసిస్ మీదే పోయాడు. మా తాత కూడా ఆ జబ్బుతోనే పోయాడట. బాపు ఏళ్ల తరబడి 'గ్యాస్ గోలీ' అని చెప్పి వేసుకుంటున్నది బీపీ మాత్ర. అమ్మకు కూడా ఇవేవీ తెలియవు. కోడలు బయటి ఇంటి పిల్ల కదా!

"ఎందుకు చెప్పలే?" అన్నాను.

"చెప్తే నీ పెండ్లి అయితుండెనా బిడ్డా?"

"అయింది గద! కిడ్నీలు పోయినయి. గిప్పుడు సంతోషమేనా?"

బీపీ ముందునుంచీ కంట్రోల్‌లో ఉంటే కిడ్నీలు ఇంకొన్నేళ్లు పనిచేసేవని డాక్టర్ అన్నాడు. నా ఏళ్లు మా బాపు తిన్నాడు. ఈ మాట వెనక్కి తీసుకోమని చుట్టాలు చాలాసార్లు అడిగారు. తీసుకోను.

అంతటితో అయిపోలేదు. నరేష్‌కు మేనత్త కూతురు కావ్యతో పెళ్లి ఖాయమై ఉంది. మేనరికమంటే ప్రేమకొద్దీ అనుకున్నాను. అత్త దవాఖానకు వచ్చి నా మంచం పక్కనే కూర్చుని అసలు సంగతి చెప్పింది. "బయటి సంబంధమైతే కూపీ లాగుతరు. మన పిల్ల, మన పిల్లగాడు. మన ముచ్చట మనలనే ఉంటది."

"అత్తా, నీకున్నదా?" అని అడిగాను. ఆమె మొహం తిప్పుకుంది.

డాక్టర్‌ను అడిగితే, "ఇద్దరికీ ఉంటే పుట్టే పిల్లలకు ప్రమాదం చాలా ఎక్కువ. ముందు ఆ అమ్మాయికి స్కాన్ తీయించండి" అన్నాడు. ఆ మాట ఇంట్లో చెప్తే బాపు చేతులు జోడించాడు. "నోరు తెరవకు బిడ్డా, నీ కాళ్లు మొక్కుత." నరేష్ తల వంచుకున్నాడు. "నేను చెప్తే అత్త పురుగుల మందు తాగుతా అంటున్నది అక్కా" అన్నాడు.

ఇక నేనే చెప్పాలి. డయాలసిస్ కుర్చీలోంచే ఫోన్ చేశాను. "కావ్యా, మీ పెద్దమామ కరెంట్‌తోని పోలే." మొత్తం చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగింది: "స్కాన్ యాడ తీస్తరు వదినా?"

కావ్యకూ ఉంది. పెళ్లి ఆగిపోయింది. ఆపింది ఆ పిల్లే. "నీ కడుపు కాలిందని అందరి కడుపు కాల్చినవు" అని అత్త నా ఇంటి ముందు నిలబడి శాపనార్థాలు పెట్టింది. పెట్టనీ. ఆమె కూతురు ఇప్పుడు బీపీ చూపించుకుంటోంది, మందులు వాడుతోంది. నరేష్ కూడా అంతే. ఇప్పుడు వాడికి ఏ సంబంధం వచ్చినా ముందు ఈ సంగతి చెప్పాకే తక్కిన మాటలు.

నాకు కిడ్నీ ఇచ్చింది అమ్మ. పరీక్షలన్నీ సరిపోయాయి. ఆపరేషన్‌కు తీసుకెళ్లే ముందు స్ట్రెచర్ మీంచి నా వైపు తిరిగింది. "బయటిదాన్నని ఇన్నేండ్లు నా దగ్గర దాచిన్రు. ఇయ్యాల బయటిదాని కిడ్నీనే అక్కెరకొచ్చింది సూడు" అంది. ఏడ్చాను. అమ్మ మాత్రం ఏడవలేదు.

ఇప్పుడు బాగానే ఉన్నాను. కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా ట్యాక్రోలిమస్ మాత్రలు వేళ తప్పకుండా వేసుకుంటాను, జనంలోకి వెళ్తే మాస్క్ పెట్టుకుంటాను. కంపెనీలో కూర్చుని చేసే పని ఇచ్చారు. నా కూతురికి అన్నీ చెప్పాను. వయసొచ్చాక తనూ స్కాన్ తీయించుకుంటుంది. డాక్టర్ నీళ్లు బాగా తాగమన్నాడు. బాపు అప్పుడప్పుడు ఫోన్ చేసి "నీళ్లు తాగుతున్నవా బిడ్డా?" అని అడుగుతాడు. ఫోన్ పెట్టేస్తాను.

ఇది చదివేవాళ్లకు ఒక్కటే చెప్తాను. మీ ఇంట్లో ఎవరు దేనితో పోయారో పెద్దవాళ్లను ఇవాళే అడగండి. అందర్నీ కూర్చోబెట్టి కాదు, ఒక్కొక్కరినీ విడిగా అడగండి. నీళ్లతోని పోయిన్రు అంటారు. అప్పుడు ఆ ఇంటి కోడళ్ల కిడ్నీలు ఎలా ఉన్నాయో అడగండి. మా అమ్మ తాగింది కూడా ఆ నీళ్లే.