బంగళాను పాడుబెట్టిన నాలుగు రోజులు

పనిమంతురాలినని నాకు మొదటి నుంచీ కాస్త పొగరే. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి, ముగ్గు గీత తిన్నగా రాదు, అయినా పక్కింటి వాళ్ళ ముగ్గు చూసి మూతి విరుస్తాను. ఆ పొగరు నన్ను ఏం చేసిందో ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. నలభై దాటాక నేర్చుకున్న అక్షరాలు, తప్పులుంటాయి. నేను చేసిన తప్పు ముందు అవి ఏపాటి?

నిజాం రాజ్యం ఇంకా గట్టిగా ఉన్న రోజులు. నేను ఇబ్రహీంపట్నానికి కోడలిగా వచ్చి రెండేళ్ళయింది. మా ఆయన దొర పొలంలో జీతగాడు. మా అత్త చెరువు వైపున్న దొర బంగళాకు సున్నం వేసేది. వెట్టి పని, పిలిస్తే పోవాలి, అంతే. ముప్పై ఏళ్ళు ఆ గోడలు తెల్లగా నిలిచాయంటే అది ఆమె చేతి చలవ. ఏ గోడకు చెమ్మ ఎక్కుతుందో, ఏ మూల చెద పుడుతుందో ఆమెకు తెలిసినంత దొరకు తెలియదు. నాకూ ఆ పని నేర్పింది.

అప్పుడు నాకు ఐదో నెల. మా ఆయనకు ముందు పుట్టిన ముగ్గురినీ అత్త పురిట్లోనే పోగొట్టుకుంది. మిగిలింది ఈయనొక్కడే, ఈయనకు పుట్టబోయేది ఈ బిడ్డ. అందుకే నన్ను కళ్ళలో పెట్టుకుని చూసేది. ఎక్కడైనా బెల్లం ముక్క దొరికితే కొంగున ముడేసి తెచ్చి నా నోట్లో పెట్టేది. రాత్రి పడుకునే ముందు నా పొట్ట మీద చెయ్యి వేసి, కదలిక తెలిశాక గానీ తన పక్క మీదికి పోయేది కాదు.

ఆ చలికాలం దొర, దొరసాని తీర్థాలకు పోయారు. ఇంగ్లీషు సీమలో చదివి వచ్చిన చిన్నదొర ఆ సందు చూసుకుని పట్నం దోస్తులను బాతుల వేటకు పిలిచి, బంగళాలో దావత్ పెట్టుకున్నాడు. వచ్చేవాళ్ళకు వింత చూపించాలట. బంగళా నూరేళ్ళుగా మనిషి అడుగు పడని పాడుకొంపలా కనబడాలట. దొర గుమాస్తా మా వాకిట్లో నిలబడి ఈ మాట చెబితే అత్తకు మొదట అర్థమే కాలేదు.

“దీపం పెట్టే ఇల్లును పాడుబెట్టమంటున్నవా?” అంది.

“నాలుగు దినాల ముచ్చటనే గది. నవ్వులాటకు. మల్ల సున్నం ఎయ్యి, అయిపాయె.”

“నీ బాంచెన్, నా కోడలు కడుపుతోని ఉన్నది. గసొంటప్పుడు మేము మా ఇంటి మీది గూనపెంక సుత కదపం. దాన్ని ఇడిసిపెట్టు, నేనొక్కదాన్నే చేస్త.”

“నువ్వొక్కదానివి చేస్తే దావత్ అయినంక అయితది పని. ఇద్దరు రావాలె,” అని వెళ్ళిపోయాడు.

అత్త ఆ పూట అన్నం ముట్టలేదు. కడుపులో బిడ్డ ఉండగా ఇల్లు కట్టకూడదు, కూల్చకూడదు. మా వాళ్ళలో ఇది అందరూ పాటించేదే. నిజానికి ఆ పని కూల్చడం కాదు, ఊరికే కూలినట్టు కనిపించేలా చేయడం. అదే మాట నేను అత్తతో అన్నాను. “మనం ఇల్లు కూలగొడ్తలేం గద అత్తా, బొమ్మ గీస్తున్నం,” అన్నాను. ఆమె నా వైపు చూసి, “గోడ పలిగినట్టు గీతలు నువ్వు గియ్యకు. అవి నేను చూస్కుంట,” అంది.

నేను వినలేదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ ఆ పని నాకు మహా సరదా అయింది. పుట్టి బుద్ధెరిగాక తుడవడం, అలకడం, తెల్లగా చేయడమే ఎరుగుదును. ఆ రెండు రోజులు మాత్రం పాడు చేస్తే శభాష్ అన్నారు. దూదిని సన్నగా సాగదీసి దూలాలకు సాలెగూళ్ళు కట్టాను. కిటికీ సందుల్లో తడిమట్టి కూరి జిల్లేడు మొక్కలు నాటాను. పైకప్పు కారినట్టు గోడల మీద ఎర్రమన్ను నీళ్ళు జారవిడిచాను. అత్త నా వెనకే తిరుగుతూ, జిల్లేడు ముట్టుకున్నప్పుడల్లా నా చేతులు కడిగించేది.

ఇక గోడల మీద పగుళ్ళు గీయడం మిగిలింది. అత్త బొగ్గుపొడి నీళ్ళలో కలిపి గీసింది. ఆరేసరికి అవి బూడిదరంగుకు తిరిగి, చెయ్యి తగిలితే రాలిపోయాయి. పగుళ్ళలా లేవు, పిల్లలు గీసిన పిచ్చిగీతల్లా ఉన్నాయి. నాకు చిరాకు పుట్టింది. కాటుక పట్టడం మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. మసిలో ఆముదం పడితేనే నలుపు నిలుస్తుంది. అత్త అటుపక్క అరుగు మీద ఎండుటాకులు పరుస్తుంటే, వంటింటి కుండల మసి గీకి, ఆముదం పోసి నూరి, పెద్ద హాలులో నాలుగు గోడల మీదా పైనుంచి కింది దాకా గీశాను. సన్నగా మొదలై, వంకరపోయి, చీలి, కింద విచ్చుకున్న పగుళ్ళు. అత్త లోపలికి వచ్చి చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. నిజంగా గోడలు విరిగాయనుకుంది. తెలిశాక వేలు పెట్టి రుద్ది, వాసన చూసింది.

“ఆముదమా? ఆముదం మీద సున్నం పట్టదే పిల్లా,” అంది.

సున్నం వేసే ఇంటి కోడలిని. ఆ మాత్రం నాకు తెలియాలి. తెలుసు కూడా. గీసేటప్పుడు గుర్తు రాలేదు.

దావత్ రోజు పొద్దుగూకే వేళకు తుర్కయాంజాల్ దిక్కు నుంచి మోటార్లు దుమ్ము లేపుకుంటూ వచ్చాయి. వెట్టివాళ్ళందరం వెనక ప్రహరీ దగ్గర నిలబడ్డాం. తెరిచిన కిటికీలోంచి హాలు కనబడుతోంది. పట్నం ఆడమనిషి ఒకామె పగులులో చెయ్యి పెట్టబోయి, తేలు ఉంటుందేమోనని వెనక్కి తీసుకుంది. అది చూసి నేను ఉబ్బిపోయాను.

తెల్లవారి గుమాస్తా కొత్త కబురు తెచ్చాడు. దొరసాని అనుకున్నదానికంటే ముందే బయలుదేరింది, నాలుగు రోజుల్లో వస్తుంది. ఇల్లు పాడుబెట్టిన సంగతి ఆమెకు తెలిస్తే చిన్నదొరకే కాదు, ఎవరికీ బతుకు లేదు. దూది, ఆకులు, జిల్లేడు ఒక్క పూటలో పోయాయి. పగుళ్ళు పోలేదు. చవుడు మన్నుతో తోమాం, వేడినీళ్ళతో కడిగాం. సున్నం వేస్తే తడిగా ఉన్నంతసేపు తెల్లగా కనిపించేది. మధ్యాహ్నానికి పచ్చటి మరక, సాయంత్రానికి మళ్ళీ అదే పగులు. రెండో పూత, మూడో పూత. ఇక గీతల వెంట గోడ మీది గచ్చు చెక్కి, కొత్త గచ్చు పెట్టడం తప్ప దారి లేదని అత్త తేల్చింది. అంటే నిజంగానే గోడ పగలగొట్టాలి. ఏది వద్దని ఆమె మొత్తుకుందో అదే.

అత్త నిచ్చెన మీద, నేను కింద. ఇసుక, సున్నం తట్టలు నేనే మోశాను. “కూసో బిడ్డా, జర కూసో,” అని ఆమె పైనుంచి అంటూనే ఉంది. తప్పు నాది, ఎలా కూర్చుంటాను? మూడో రోజు పొద్దున నడుములో పోటు మొదలైంది. చెప్పలేదు. చెబితే పని ఆగుతుంది, దొరసాని వస్తుంది, నా గీతల వల్ల అత్త దెబ్బలు తింటుంది. మధ్యాహ్నానికి ఆ హాలులోనే, సున్నం గోలెం పక్కన, నాకు బిడ్డ పోయింది.

మగపిల్లాడు. అత్త తన కొంగు చింపి చుట్టింది. చెరువుగట్టు అవతలకు తానే తీసుకుపోయింది. తిరిగి వచ్చి నన్ను ఇంటికి చేర్చి, నీళ్ళు తాగించి, మళ్ళీ బంగళాకు పోయింది. ఇంకా రెండు గోడలు మిగిలి ఉన్నాయి. మర్నాడు దొరసాని వచ్చేసరికి అన్నీ తెల్లగానే ఉన్నాయి. ఆమె ఏమీ కనిపెట్టలేదు.

తొమ్మిదో రోజు గుమాస్తా మళ్ళీ మా వాకిట్లోకి వచ్చాడు. నేను లోపల గోనెపట్టా మీద పడుకుని ఉన్నాను. పాలు వచ్చి, రొమ్ముకు కట్టిన గుడ్డ తడిసింది. అత్త గుమ్మంలో, నాకు వీపు పెట్టి నిలబడింది.

“ఏదే నీ కోడలు? చిన్నదొర మస్తు ఖుషీగున్నడు. పట్నపోల్లంత గోడలు నిజంగనే పలిగినయనుకున్నరట. గీసినదెవరని అడిగిన్రట. గిట్ల గీసేటోళ్ళు పట్నంల సుత లేరన్నరట.”

ఆ మాట చెవిన పడగానే నాకు సంతోషం కలిగింది. దాచి ప్రయోజనం లేదు, నిజంగానే కలిగింది. కొడుకు పోయి తొమ్మిది రోజులు, పాలు ఇంకా ఆరలేదు, నా పెదవులు వాటంతటవే విచ్చుకున్నాయి. ఆపుకునేలోపు, నేను ఏడుస్తున్నానేమోనని అత్త వెనక్కి తిరిగి చూసింది.