వెంకాయమ్మగారూ, వంకర చుక్కానీ

వెంకాయమ్మగారికి నచ్చే వస్తువు భూమ్మీద ఇంకా తయారు కాలేదు. తాళ్ళరేవు నుంచి కొడుకు వెంట ఇబ్రహీంపట్నం వచ్చిన రోజునే ఊరు మొత్తాన్ని ఒక్క చూపుతో కొట్టిపారేశారు. ఎండకి పద్ధతి లేదు, కొబ్బరికాయకి నీళ్ళు లేవు, కాకులకి కూడా గొంతు లేదు. బస్ డిపో ముందు మిరపకాయ బజ్జీ కొరికి, "ఇదీ ఒక బజ్జీయేనా! మా తాళ్ళరేవులో గేదె కూడా ముట్టదు," అని మరో రెండు తిన్నారు.

సాగర్ రోడ్డు పొడుగునా పొలాల్లో రంగుజెండాలు పాతి ప్లాట్లమ్ముతున్న రోజులవి. ఒకాయన ఇంటికొచ్చి, చెరువు కనబడే ప్లాటని బొమ్మ చూపించాడు.

"చెరువేది నాయనా?"

"ఫొటోలో రాలేదు ఆంటీ."

"సిగ్గుపడి ఉంటుంది," అని తలుపేశారు.

కోడలు నీహారిక చిన్న తెరచాప పడవ కొన్నప్పుడైతే ఆవిడ నోటికి పండగే. నగరంలో ఎవరో వాడి వాడి వదిలేసిన పడవ అది. ఆ ఏడు ఊరి పెద్దచెరువు నిండడంతో నీహారికకు ఆశ పుట్టింది.

"ఇదీ ఒక పడవేనా! మావైపు ఇంతదాంట్లో అప్పాల పిండి కలుపుతారు."

"తెరచాప చూడండి అత్తయ్యా, ఎంత బావుందో!"

"దిండు గలీబులా ఉంది."

పడవ గట్టిదే గాని, వెనక చుక్కాని అరిగిపోయింది. చెక్క నాని పొరలు పొరలుగా ఊడుతోంది. తగిలించే కొక్కేలు వదులై లొడలొడమంటున్నాయి. చెరువులో చేపలు పట్టే బుగ్గయ్య దాన్ని తిప్పి చూసి, "కొత్తది జేసిస్త బిడ్డా, ఫికర్ జెయ్యకు," అన్నాడు. ఆయన తన పడవను వెదురుగడతో నెట్టుకుపోయేవాడే గాని చుక్కాని ఎన్నడూ ఎరగడు. అయినా వేపచెక్క తెచ్చి ఉలి పట్టాడు. ఊరంతా చెప్పుకున్నాడు కూడా.

"గడ బట్టెటోనికి గివన్నీ ఎందుకు బావా? నవ్వులపాలైతవ్," అని బావమరిది లింగస్వామి రోజూ దెప్పేవాడు.

ఆదివారం కట్టమీద జనం పోగయ్యారు. బుగ్గయ్య కొత్త రుమాలు చుట్టుకుని స్వయంగా చుక్కాని తగిలించాడు. నీహారిక తెరచాప ఎత్తి, చుక్కాని పిడి పట్టుకుంది. గాలి అందుకుంది. సూటిగా పోవలసిన పడవ ఎడమకు తిరిగింది. పిడి ఎంత లాగినా మళ్ళీ ఎడమకే. గానుగెద్దులా గుండ్రంగా తిరిగి, బయల్దేరిన చోటికే వచ్చి ఆగింది.

లింగస్వామి పొట్ట పట్టుకుని నవ్వాడు. "జూసినవా బావా! చుక్కాని జెయ్యమంటే బొంగరం జేసినవ్!"

బుగ్గయ్య రుమాలు తీసి చేతుల్లో నలిపాడు. నీహారిక చూపు కట్టమీదున్న అత్తగారి మీద పడింది. ఇక ఆవిడ అందుకుంటారు. ఆ నోట పడితే బుగ్గయ్య ఈ జన్మలో మళ్ళీ ఉలి పట్టడు.

వెంకాయమ్మగారు కొంగు బొడ్లో దోపి అందుకున్నారు.

"ఇదీ ఒక గాలేనా! ఎటు వీస్తోందో దానికే తెలీదు. ఇక ఆ పిల్ల! పిడి పట్టుకోవడమా అది, పొయ్యి మీంచి పాలగిన్నె దించినట్టు! లక్షణమైన చుక్కాని చేతికిస్తే తిప్పడం చేతకాని కోడలు దొరికింది నాకు! ఏమయ్యోయ్, పళ్ళికిలిస్తున్నావు, నువ్వెక్కు, చూద్దాం!"

లింగస్వామి మెల్లగా జనం వెనక్కి జరిగాడు. కట్టమీది ఆడవాళ్ళంతా నీహారికను జాలిగా చూశారు. బుగ్గయ్య రుమాలు మళ్ళీ తలకు చుట్టుకున్నాడు.

నీహారిక మాత్రం పడవలోనే నోరు తెరిచి కూర్చుండిపోయింది. పెళ్ళయ్యాక అత్తగారి నోట ఆమె విన్న మొదటి మెచ్చుకోలు అది. అదీ ఒక వంకర చెక్కకు.

ఇంటికి రాగానే నిలదీసింది. "తప్పు నాదా అత్తయ్యా?"

"నీదెందుకవుతుంది? చుక్కాని కుడిపక్క పీటంత మందం. పడవల మధ్య పుట్టినదాన్ని, నాకు కనబడదా?"

"మరి నన్నెందుకు తిట్టారు?"

"నువ్వు మా పిల్లవి. తిట్టినా ఇంత మజ్జిగన్నం కలిపిపెట్టి సర్దుకుంటాను. ఆయన రేపు అదే కట్టమీద తలెత్తుకు నడవాలి."

మర్నాడు ఆవిడ ఒక్కరే బుగ్గయ్య ఇంటికి వెళ్ళారు. "మా కోడలివి పూచికపుల్ల చేతులు బాబూ. కుడిపక్క కాస్త పల్చన చేసి పెడుదూ," అన్నారు. ఆయన చేసి పెట్టాడు. మళ్ళీ ఆదివారం పడవ గీత గీసినట్టు పోయి అవతలి ఒడ్డు చూసి వచ్చింది.

నీహారిక ఒడ్డున దిగగానే బుగ్గయ్య ఎదురొచ్చి ఆమె చేతుల్లో ఓ పెద్ద కొర్రమట్టను పెట్టాడు.

"పులుసు వెట్టుకొని తిను బిడ్డా. చేతుల్ల సత్తువ లేదంట గదా, మీ అత్త జెప్పింది. గిది తింటే జర బలమొస్తది. గంత రంది పడకు."

నీహారిక అత్తగారి వైపు చూసింది. ఆవిడ ఆకాశంలో ఏదో వెతుకుతున్నారు.

"అవును బాపూ," అంది నీహారిక, ఆ చేపను మోయలేక మోస్తున్నట్టు రెండు చేతులూ వణికిస్తూ.