పూత నెలలో గోల్ఫ్ ట్రిప్

2023 జూన్‌లో నన్ను ఒంగోలు నుంచి గుంటూరుకు రీజినల్ మేనేజర్‌గా మార్చారు. పురుగుమందుల కంపెనీలో అది నా ఆఖరి పోస్టింగ్. బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటరు పై అంతస్తులో ఆఫీసు. నా కింద నలుగురు టెరిటరీ మేనేజర్లు, వాళ్ళ కింద ఊళ్ళు తిరిగే ఫీల్డ్ అసిస్టెంట్లు. పత్తీ మిరపా పండే నేల కాబట్టి మా కంపెనీకి ఈ జిల్లాలంటే ప్రాణం. బయటివాళ్ళు మా పని మందులు అమ్మడమనుకుంటారు. రైతుకి మందు అమ్మేది డీలరు. ఆ డీలరు పక్క కంపెనీ వైపు పోకుండా కాపలా కాయడమే మా ఉద్యోగం.

ఆ కాపలాలో ముఖ్యమైన ఆయుధం ట్రిప్. సీజన్లో ఇంత సరుకు ఎత్తితే ఫలానా చోటికి తీసుకెళ్తామని జూన్‌లోనే ప్రకటిస్తాం. ఎత్తడమంటే మా గోదాము నుంచి సరుకు డీలరు కొట్లోకి చేరడం. అది రైతు చేలోకి చేరిందా లేదా అన్నది మాకు తర్వాతి సంగతి. గోవా, సింగపూర్, దుబాయ్ అన్నీ అయిపోయాయి. ఆ ఏడు ముంబై హెడ్డాఫీసులో మార్కెటింగ్‌కి కొత్త అధిపతి వచ్చాడు. ఆయన గోల్ఫ్ ఆడతాడు. డీలర్లు కూడా ఆడాలన్నాడు. గోల్ఫ్ ఆడితే వాళ్ళకి తాము పెద్ద వ్యాపారవేత్తలమన్న భావన కలుగుతుందని ఆయన సిద్ధాంతం. గుంటూరు మిరప యార్డులో గోనె సంచుల మధ్య పెరిగిన వాళ్ళకి ఆ భావన కొత్తగా కలిగించాల్సిన అవసరమేమిటో నాకు అర్థం కాలేదు.

ఆదేశం ఇలా ఉంది. థాయ్‌లాండ్‌లో సముద్రం ఒడ్డున ఒక రిసార్టు, డిసెంబరు మొదటి వారం, నా రీజియన్ నుంచి పదహారు మంది డీలర్లు. గోల్ఫ్‌లో నలుగురు కలిసి ఆడతారు, ఆ నలుగురిని ఒక ఫ్లైట్ అంటారు. ఒక్కో ఫ్లైట్ ఎప్పుడు మొదలుపెట్టాలో మైదానం వాళ్ళు ముందే కేటాయిస్తారు. మాకు నాలుగు ఫ్లైట్లు కేటాయించారు. పదహారుకి ఒక్కడు తగ్గినా గ్రూప్ రేటు పోతుంది, విమానం టికెట్లతో సహా.

తేదీ చూడగానే నాకు తల తిరిగింది. డిసెంబరు మొదట్లో మిరప నిండు పూత మీద ఉంటుంది. నల్ల తామర పురుగు ఆ పూతలోనే చేరుతుంది. చేరిందంటే పువ్వు పిందె కాకుండా రాలిపోతుంది. ఆ రోజుల్లో డీలరు కొట్టు ఆస్పత్రి లాంటిది. రైతులు పొద్దున్నే మొక్కలు పట్టుకుని మెట్ల మీద కూర్చుంటారు. ఇది చాలదన్నట్టు అయ్యప్ప మాలలు. కార్తీకంలో మా డీలర్లలో సగం మంది నల్లబట్టలు కట్టి, చెప్పులు వదిలేసి, నేల మీద పడుకుంటారు. ఆ మైదానంలో బూట్లు లేనిదే అడుగు పెట్టనివ్వరు. ఇవన్నీ వివరంగా మెయిల్ రాశాను. ఆ వారం అక్కడ వాతావరణం చాలా బాగుంటుందని ముంబై నుంచి జవాబొచ్చింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

మా పదహారు మందిలో సాంబశివరావుగారు ఒకరు. పర్చూరు వైపు ఒక పెద్ద ఊళ్ళో ఇరవై ఏళ్ళకు పైగా కొట్టు నడుపుతున్నాడు. ఆయనకో నియమం ఉంది. చూడకుండా మందు చెప్పడు. ఫోన్లో చెప్పడు, ఫొటో చూసి చెప్పడు. మొక్క పీక్కుని రావాలి, లేదా ఆయనే మోటార్ సైకిల్ మీద చేలోకి వెళ్ళి పువ్వుని అరచేతిలో దులిపి చూసుకోవాలి. ఒకప్పుడు ఫోన్లో విని చెప్పిన మందు ఎవరి చేనో మాడ్చిందట. అప్పటి నుంచి ఈ పట్టుదల. ఆ ఊరి రైతులు కూడా దానికి అలవాటు పడ్డారు. ఆయన చెప్పందే మందు కొట్టరు.

ఆయన దగ్గర కొనే వాళ్ళలో ఏసోబు అని ఒక కౌలు రైతు. చీమకుర్తిలో గ్రానైటు కోత యూనిట్లో పనిచేసేవాడు. ఆ రాతి దుమ్ముకి దగ్గు పట్టుకుని, భార్య మరియమ్మ పోరగా పోరగా ఊరికి తిరిగొచ్చాడు. ఆ ఏడే మొదటిసారి సొంతంగా మూడెకరాలు కౌలుకి తీసుకుని మిరప పెట్టాడు. అక్టోబరులో మా ఫీల్డ్ డే, అంటే రైతుల్ని పిలిచి చేలోనే మందుల పనితనం చూపించే కార్యక్రమం, అతని చేలోనే జరిపాం. మొక్కలు నడుమెత్తున ఏపుగా ఉన్నాయి. ఈ పంట చేతికొస్తే ఆసామి వచ్చే ఏడు కూడా పొలం ఇస్తానన్నాడనీ, లేకపోతే మళ్ళీ రాళ్ళ దగ్గరికే పోవాలనీ చెప్పాడు. మరియమ్మ అతని మాట మధ్యలోనే అందుకుంది.

"అక్కడికి మళ్ళా పంపేది లేదండీ. ఈ దగ్గు పోవడానికే రెండేళ్ళు పట్టింది" అంది.

నవంబరులో గోల్ఫ్ శిక్షణ పెట్టమన్నారు. గుంటూరులో గోల్ఫ్ మైదానం ఎక్కడుంది? చివరికి ఒక జిన్నింగ్ మిల్లు యజమాని తన దొడ్డి ఇచ్చాడు. పత్తి లారీలు లోపలికొస్తుంటే, ఒక మూల హైదరాబాదు నుంచి వచ్చిన కోచ్ మా వాళ్ళకి కర్ర పట్టుకోవడం నేర్పాడు. మొదటి రోజు ఏడుగురు స్వాములు ఉత్తి కాళ్ళతో వచ్చారు. బంతి ఒకటి దూది కుక్కిన బోరెం సంచిలో కూరుకుపోతే దాని కోసం అందరూ వెతికారు. "ఒరేయ్, ఇది గోలీలాటే గదరా, కర్రొకటి ఎక్కువంతే" అని ఒక డీలరు పక్కవాడితో అన్నాడు. నవ్వొచ్చింది గానీ ఆ ఏడుగురిని చూస్తుంటే గుండెల్లో రాయి పడింది. మాల తీసేయమని ఎవరిని అడుగుతాం? ఏడుగురి స్థానంలో వేరేవాళ్ళని వెతకాలి. ట్రిప్‌కి పెట్టిన సరుకు లెక్కకి దగ్గరగా వచ్చిన డీలర్లని గాలించి, మా టెరిటరీ మేనేజర్లు ఏడుగురిని పట్టుకొచ్చారు. వాళ్ళలో ఇద్దరికి పాస్‌పోర్టుల్లేవు. తత్కాల్‌లో తెప్పించాం. ఎంత తంటాలు పడితే పదహారు నిండాయో నాకే తెలుసు. ఆ లెక్కకి దగ్గరగా ఇంకో డీలరు మిగల్లేదు.

సరిగ్గా అప్పుడే సాంబశివరావుగారు ఆఫీసుకొచ్చాడు. కుర్చీలో కూడా కూర్చోకుండానే విషయం చెప్పాడు.

"సార్, నన్ను వదిలేయండి. నా బదులు మా బావమరిదిని పంపుతా. పూత టయాన కొట్టు మూస్తే ఎట్టాగండీ?"

ఆయన ముందే జోనల్ మేనేజర్‌కి ఫోన్ చేశాను. జోనల్ మేనేజరంటే నా పైవాడు, నాలుగు రీజియన్లకి అధికారి. లైసెన్సు ఎవరి పేరున ఉందో వాళ్ళే రావాలి, బంధువుల్ని పంపడానికి ఇదేం పెళ్ళి కాదన్నాడు. ఒక్కడు తగ్గితే మొత్తం గ్రూపు కూలుతుందనీ, వచ్చే సీజన్లో ఆ డీలర్‌షిప్ సంగతి ఆలోచించాల్సొస్తుందనీ కూడా అన్నాడు. ఆ మాటలు ఫోను స్పీకరు లేకుండానే సాంబశివరావుగారికి వినిపించాయి. కంపెనీ మాటని ఆయన ముందు సమర్థించలేక, కంపెనీకి ఎదురు చెప్పలేక కక్కలేక మింగలేక కూర్చున్నాను.

వెళ్ళాం. రిసార్టు బాగుంది, సముద్రం బాగుంది, గడ్డి తివాచీ పరిచినట్టుంది. మా వాళ్ళు టోపీలు పెట్టుకుని ఫొటోలు దిగారు. సాంబశివరావుగారిది మూడో ఫ్లైట్. ఆయన బంతి కొట్టి, అది ఎటు పోయిందో కూడా చూడకుండా మైదానం అంచున ఉన్న పూల పొదల దగ్గరికి నడిచేవాడు. ఒక పువ్వు తెంపి అరచేతిలో దులిపి చూసేవాడు. కర్రల సంచి మోసే అమ్మాయి ఆయన్ని విచిత్రంగా చూస్తూ నిలబడేది.

రెండో రోజు సాయంత్రం హోటల్ వైఫైలో ఆయన భార్య పద్మావతిగారి ఫోనొచ్చింది. నేను పక్కనే ఉన్నాను. ఏసోబు మొక్క పట్టుకుని కొట్టు దగ్గరికొచ్చాడట. పూతలో నల్లగా ఏదో పాకుతోందన్నాడట. పక్క చేను రైతు వేరే కొట్లో నాలుగు మందులు కలిపి ఇస్తే తెచ్చి కొట్టేశాడట.

"ఏం కొట్టొద్దని చెప్పు. నేనొచ్చి చూస్తా" అన్నాడు సాంబశివరావుగారు.

ఫోను పెట్టేశాక నేను ఆగలేకపోయాను. అది తామర పురుగే అయ్యుంటుంది, ఏ మందో మీకు తెలుసు, చెప్పేయండి అన్నాను. ఆయన నావైపు కోపంగా చూశాడు.

"ఏ దశలో ఉందో, పెద్ద పురుగో పిల్ల పురుగో, మొన్న ఏం కొట్టాడో చూడాల్నా వద్దా? తప్పు మందు పడితే రెట్టింపవుద్ది సార్. మీరే గదా మీటింగుల్లో చెప్పేది."

నిజమే, మేమే చెప్పేవాళ్ళం. అయితే తను రేపే ఊరికి వెళ్ళిపోతానన్నాడు. ట్రావెల్స్ వాళ్ళని అడిగాను. గ్రూపు టికెట్లోంచి ఒకరిని విడదీయడం కుదరదన్నారు. విడిగా కొందామంటే, దొరికిన విమానాలు రెండు చోట్ల మారి మాతో పాటే హైదరాబాదు చేరతాయి. ఆ విషయం చెబితే ఆయన మంచం మీద కూర్చుండిపోయాడు. నాకు సిగ్గూ కోపమూ రెండూ కలిగాయి. మర్నాడు ఆడటానికి రానన్నాడు. రాకపోతే ఫ్లైటులో ముగ్గురే మిగులుతారని ముంబై వాళ్ళు ఇద్దరు మనుషుల్ని గదికి పంపారు. ఆయన వచ్చాడు. కర్ర పట్టుకుని పొద్దంతా నిలబడ్డాడు.

హైదరాబాదులో దిగాక ఆయన ఇంటికి కూడా పోలేదు. ఆఫీసు కారులో ఇద్దరం నేరుగా ఏసోబు చేలోకి వెళ్ళాం. మొక్కలు నిలబడే ఉన్నాయి గానీ ఆకులు దోనెల్లా పైకి ముడుచుకుని ఎర్రబారాయి. కింద నేలంతా రాలిన పూత. సాంబశివరావుగారు మిగిలిన ఒక పువ్వు తెంపి దులిపాడు. అరచెయ్యి నల్లగా కదిలింది.

ఏసోబు గట్టు మీద నిలబడి ఉన్నాడు. అతని ముఖంలో కోపం లేదు. అది ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

"మీరు ఊళ్ళో లేరు గదండీ. కొట్టొద్దన్నారని అమ్మగారు చెప్పారు. అందుకని ఆగాను" అన్నాడు.

మరియమ్మ మాత్రం పక్క చేనుకేసి చెయ్యి చూపించింది. "ఆళ్ళు ఏదో ఒకటి కొట్టుకున్నారు. సగమన్నా నిలబడింది" అంది.

సాంబశివరావుగారు అప్పుడు చెప్పిన మందు సరైనదే. తొలి కాపు అప్పటికే పోయింది. మలి కాపు వచ్చినా, దాంతో కౌలు గట్టెక్కలేదు. ముందే చూసి ఉంటే మొత్తం దక్కేదని నేను ప్రమాణం చేయను, ఆ పురుగు మీద ఎవరూ చేయలేరు. వేసవిలో ఆసామి పొలాన్ని ఇంకొకరికి ఇచ్చాడు. ఏసోబు మళ్ళీ చీమకుర్తి వెళ్ళాడు. మరియమ్మ ఊళ్ళోనే ఉండి మిరపకాయలకి తొడిమలు తీసే పనికి పోతోందని మా ఫీల్డ్ అసిస్టెంట్ చెప్పాడు. ట్రిప్ విజయవంతమైందని ముంబై నుంచి నాకు అభినందన వచ్చింది.

రిటైరయ్యే ముందు నా తర్వాత వచ్చే మేనేజరుకి అప్పగింతలు రాశాను. డీలర్ ట్రిప్ ఏదైనా మే నెలలోనే, చేలల్లో మొక్క లేనప్పుడే పెట్టాలని అందులో ఉంది. అది అమలవుతుందని నేననుకోను. మా శిక్షణ తరగతుల్లో కొత్తవాళ్ళకి ఒక పాఠం చెప్పేవాళ్ళం: మంచి డీలరు అందుబాటులో లేకపోతే రైతు చెడ్డ డీలరు దగ్గరికి పోతాడని. అది తప్పు. మంచి డీలరుకి అలవాటు పడ్డ రైతు ఇంకెక్కడికీ పోడు, ఆగుతాడు. ఆగినందుకే నష్టపోతాడు.