బట్ట మోసిన బండి

మొన్న ఆదివారం ఆరాధన ముగిసి, మందిరం మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే మా చిన్నల్లుడు నా చెయ్యి పట్టుకుని, పొద్దున జగిత్యాలలో కొలువుకూ సాయంత్రం పొలం పనికీ రెంటికీ పనికొచ్చే పాత పికప్ బండి ఒకటి కొనాలనుకుంటున్నాననీ, చూడ్డానికి తనతో రమ్మనీ అడిగాడు. పాత బండిని ఎంచడంలో నాది మంచి కన్నని మా ఇంట్లోనూ సంఘంలోనూ ఒక పేరు పడిపోయింది, ఎందుకంటే నేను కొన్న ఒకే ఒక్క బండి ఏళ్ల తరబడి ఏ పేచీ పెట్టకుండా నడిచింది. మోకాళ్ల నొప్పి అని చెప్పి తప్పించుకున్నాను. నొప్పి ఉన్నమాట నిజమే గానీ నేను పోనిది అందుకు కాదు.

నా ఈడువాళ్లకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. కథలాపూర్ చుట్టుపక్కల ఏ ఇంటి తలుపు తట్టినా ఆడవాళ్లే తీసేవారు, మగవాళ్లు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉండేవారు, బావులు ఎండి బోర్లు ఒట్టిపోయి భూమి ఉన్నవాడికీ లేనివాడికీ విమానమే దిక్కయింది. నేనూ ఎక్కాను, ఎక్కి నడుము చెడగొట్టుకుని, గడువు పూర్తికాకుండానే తిరిగి వచ్చాను. వచ్చాక జగిత్యాలలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాసే కొలువు దొరికింది, ఊళ్లో రెండెకరాల పసుపు, గట్టు మీద కూరగాయలు ఉన్నాయి. అయితే మా ఊరికి వచ్చే ఒక్క బస్సు తనకు బుద్ధి పుట్టినప్పుడు వచ్చేది, నేను తోటపని చూసుకుని పరుగెత్తేసరికి అది పోయి దుమ్ము మాత్రమే మిగిలేది. ఇంకోసారి ఆలస్యమైతే రావద్దని మిల్లు యజమాని చెప్పేశాడు. కోరుట్ల ఏజెంటేమో కొత్త వీసాలు వచ్చాయని కబురు మీద కబురు పంపుతున్నాడు. బండి దొరికితే కొలువూ పొలమూ రెండూ నిలుస్తాయి, దొరకకపోతే మళ్లీ విమానం. అంతకు మించి మా ముందు దారి లేదు.

విశ్వాసులం గనుక మా ఆమే నేనూ ఉపవాసముండి ప్రార్థించాం. నేను దేవుణ్ణి అడగడంలో కూడా లెక్కలు రాసేవాడి పద్ధతే పాటించాను, ముందు ముగ్గురం కూర్చునే బండి కావాలని, వెనక పసుపు బస్తాలు పట్టాలని, ఎత్తు దారిలో పొగ కక్కకూడదని ఒక్కొక్కటే విన్నవించుకున్నాను. బండి చూసి చెప్పడానికి మా ఆమె అన్న, లారీ నడిపిన మా బావ, వెంట వచ్చేవాడు. ఆయన మందిరానికి రాడు, పైగా నా ప్రార్థనలను వెక్కిరించకుండా ఎన్నడూ ఉండలేదు. జగిత్యాలలో మొదటి బండి ముందు నేను కళ్లు మూసుకుని నిలబడితే, "బావా, కండ్లు మూసుకుంటె పట్టీలు ఇరిగింది కనవడదు. ముందుగాల కిందికి వంగి చూడు, ఆమెన్ తర్వాత జెప్పు" అన్నాడు. వంగి చూస్తే ఆ బండి కొత్త రంగు కింద ఇసుక మోసి మోసి కుంగిపోయి ఉంది, వెనక బరువు మోసే స్ప్రింగు పట్టీలు పల్లెం లాగా చదునైపోయాయి, నేల రేకు వేలితో నొక్కితే పొడి రాలింది. కోరుట్లలో చూసిన రెండోది ఒక కాంట్రాక్టరుది, మెత్తటి సీట్లు, పాటల డబ్బా, కొలువుకు పోవడానికి పెళ్లికొడుకు బండిలా ఉంది గానీ వెనక తొట్టి రెండు బస్తాలు పెడితే నిండిపోయేది. ఇసుక మోసిన బండి వద్దు, షోకుల బండి వద్దు, బరువు లేని సరుకు మోసిన బండి కావాలని మా బావ తేల్చాడు. బరువు లేని సరుకంటే మా వైపు బట్టే, బట్టంటే సిరిసిల్లే.

సిరిసిల్లలో ఆ వీధికి పోయేసరికి నాకు ముందుగా తోచింది నిశ్శబ్దం. మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు, వాటి చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినపడదని విన్నాను, మేము మాత్రం గుసగుసగా మాట్లాడుకోవలసి వచ్చింది. బండి యజమాని నాకంటే చిన్నవాడు. ఉన్న సాంచెలు నడవక తుక్కు కింద పోయాయి, బట్ట లేనప్పుడు బట్ట మోసే బండి ఎందుకని అమ్ముతున్నాడు. "ఇసుక మొయ్యలే అన్నా, ఇటుక మొయ్యలే. బట్ట, నూలు తప్ప గీ బండికి ఇంకోటి తెల్వదు" అన్నాడు. మా బావ కిందికి దూరి, లేచి, చేతులు దులుపుకుని నా వైపు ఒక్కసారి తల ఊపాడు. పొద్దున చల్లటి ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. నేల రేకు మీద దూది పోగులు తప్ప తుప్పు లేదు. ధర అతడు చెప్పినంతకే ఒప్పుకుని బయానా ఇచ్చాను, బేరం ఆడలేదు, కాబట్టి నేను చెప్పబోయే సిగ్గు డబ్బుది కాదు.

చాయ్ తాగుతుండగా, వీసా వచ్చిందనీ, బండి అమ్మిన పైసలతోనే దుబాయి పోతున్నాననీ చెప్పాడు. అతని భార్య గడపలో కూర్చుని బీడీలు చుడుతోంది. నేను అక్కడి నుంచి వచ్చినవాడినని తెలిసి అతని ముఖం వెలిగింది గానీ, నేను చాయ్ వేడిగా ఉందన్న మాటతో సంగతి దాటేశాను. తిరిగి వచ్చినవాళ్లం అందరం అంతే కదా, సెంటు సీసాల గురించి, మెరిసే రోడ్ల గురించి చెప్పేవాళ్లం, మిగతాది ఇంట్లో ఆడవాళ్లకు కూడా చెప్పేవాళ్లం కాదు. మా సంఘంలో మాత్రం ఒక చోటు ఉండేది. ఆదివారం సాక్ష్యం చెప్పే వేళ, దేవుడు దేని నుంచి విడిపించాడో చెప్పాలి గనుక ఆ పడిన కష్టమంతా దాచకుండా చెప్పేవాళ్లం. ఆ మైకు ముందు ఎంత ఏడ్చినా ఎవరికీ నామోషీ కాదు.

బండిని వచ్చే ఆదివారం తానే నడుపుకుంటూ తెచ్చి ఇస్తాననీ, ఎవరి చేతుల్లోకి పోతుందో చూడాలని భార్య కూడా వస్తానంటోందనీ అతడు చెప్పాడు. ఆరాధన అయ్యాక పాస్టరయ్య బండి మీద చేతులుంచి ప్రార్థన చేయాలని మేము అనుకున్నాం. వాళ్లు మధ్యాహ్నానికి గానీ రారని లెక్కవేసి నేను సాక్ష్యానికి లేచాను. ఆ రోజు ఆత్మ నన్ను పట్టుకుందనే అనుకున్నాను. మూడంతస్తుల మంచాల గది గురించి చెప్పాను, ఎండకు తోలు ఊడిన చేతుల గురించి, యజమాని సొరుగులో బందీ అయిన పాస్‌పోర్టు గురించి, నా పక్క మంచం మీద ఒక తెల్లవారి లేవని కొడిమ్యాల మనిషి గురించి, అతని శవం ఇంటికి చేరడానికి పట్టిన కాలం గురించి చెప్పాను. ఆ బానిసత్వపు ఐగుప్తుకు నన్ను మళ్లీ పంపకుండా ప్రభువు నా కోసం సిరిసిల్లలో ఒక బండిని సిద్ధపరిచాడని చెప్పి స్తోత్రం చేశాను. సంఘమంతా బిగ్గరగా స్తోత్రం చెప్పింది. మా మందిరం కప్పు మీద లౌడ్ స్పీకరు ఉండేది, నా మాట ఊరి చివరి దాకా పోయేది.

బయటికి వచ్చేసరికి వేపచెట్టు నీడలో బండి ఆగి ఉంది. వాళ్లిద్దరూ ఎప్పుడు వచ్చారో తెలియదు. అతడు బానెట్‌ను గుడ్డతో తుడుస్తున్నాడు, తుడిచినచోటే తుడుస్తున్నాడు. ఆమె నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, గా మైకుల జెప్పిందంత నిజమేనా? గట్లనే ఉంటదా ఆడ?"

ఆమె వెనక నుంచి అతడు నవ్వు తెచ్చిపెట్టుకుని, "ప్రార్థనల జెర ఎక్కువజేసి చెప్తరే పిచ్చిదానా. గంతేగదన్నా?" అన్నాడు. నోరు నవ్వుతోంది గానీ కళ్లు నన్ను బతిమాలుతున్నాయి.

నా చంకలో వాక్యగ్రంథం ఉంది. అబద్ధసాక్ష్యం గురించిన ఆజ్ఞను ఆదివారపు బడిలో పిల్లల చేత కంఠస్థం చేయించేది నేనే. నిజమని ఒక్క మాటంటే ఆమె అతణ్ణి పోనివ్వదు, అతడు పోకపోతే బండి అమ్మడు, బండి లేకపోతే ఆ మూడంతస్తుల మంచం మీదికి నేనే పోవాలి. ఇదంతా ఆలోచించడానికి నాకు క్షణం కూడా పట్టలేదని చెప్పుకోవడానికే ఇప్పటికీ తల వంగిపోతుంది.

"గంతే చెల్లె" అన్నాను. "జెర పెంచి చెప్పిన. పనిమంతునికి మంచిగనే ఉంటదాడ."

ఆమె చాలాసేపు నా ముఖంలోకే చూసింది. తరువాత బండి లోపలికి వంగి, అద్దానికి వేలాడుతున్న కొండగట్టు గుడి దారాన్ని విప్పి, అతని మణికట్టుకు కట్టింది. ముడి రెండుసార్లు లాగి చూసింది. అతడు మిగతా పైసలు తీసుకుని తాళంచెవి నా చేతిలో పెట్టి, ఉదయం పూట రెండో గేరు కొంచెం మొండికేస్తుందనీ, తిట్టకుండా మెల్లగా వెయ్యమనీ చెప్పాడు. పాస్టరయ్య బానెట్ మీద చెయ్యి ఉంచి ప్రార్థించాడు, అందరూ ఆమెన్ అన్నారు. నేను తాళంచెవిని జేబులో వేసుకున్నాను. వాళ్లిద్దరూ బస్సు దొరికే రోడ్డు వైపు నడిచి వెళ్లారు, దింపి వస్తానన్నా ఎక్కలేదు.

ఆ బండి మా ఇంటిని నిలబెట్టింది. కొలువు నిలిచింది, పసుపు కోరుట్లకు సకాలంలో చేరింది, ఆడపిల్లలిద్దరూ చదువుకున్నారు, నేను మళ్లీ విమానం ఎక్కలేదు. ఒకసారి మా బావ సిరిసిల్ల నుంచి వచ్చి, అతడు సెలవుకు వచ్చాడనీ, బాగా చిక్కిపోయాడనీ, బండి ఎట్లుందని అడిగాడనీ చెప్పాడు. పోయి చూసి రావాలనుకుంటూనే ఆ సెలవు గడిపేశాను. తరువాత సిరిసిల్ల మీదుగా పని పడినప్పుడల్లా చుట్టుదారిన పోయాను. సాక్ష్యానికి మళ్లీ ఎప్పుడూ లేవలేదు. సంఘంలో అది వినయమనుకున్నారు, పాస్టరయ్య ఒకసారి ప్రసంగంలో నన్నే మాదిరిగా చూపించాడు కూడా. ప్రభువు క్షమించాడనే నమ్ముతున్నాను, ఆయన క్షమాపణ మీద నాకు సందేహం లేదు. సిగ్గు మాత్రం వేరే గదిలో కాపురం ఉన్నట్టుంది, అక్కడికి ఆ క్షమాపణ ఇంకా చేరలేదు.

ఇప్పుడు మా ఊరి ఆడపిల్లలు రాత్రి భోజనాలయ్యాక ఫోనులో భర్తల ముఖాలు చూస్తూ మాట్లాడుతారు. వెనక మంచాలు కనిపిస్తాయి, తాడు మీద ఆరేసిన బట్టలు కనిపిస్తాయి, కూర మాడితే ఆ పొగ కూడా కనిపిస్తుంది, ఏదీ దాచలేరు. కష్టం తగ్గలేదు గానీ ఎవరి కష్టమెంతో ఇంట్లో వాళ్లకు తెలిసిపోతోంది. ఆనాటి ఆ చెల్లెకు చూడ్డానికి నా ముఖం ఒక్కటే ఉండింది. ఆమె దాన్ని చాలాసేపు చూసింది. నా మాట నమ్మిందో, నమ్మకపోయినా నన్ను ఇంకా సిగ్గుపరచడం ఇష్టంలేక ఊరుకుందో నాకు ఈనాటికీ తెలియదు.